ఎండీ సైకియాట్రీ మొదటి ఏడాదిలో ఐసీడీ-11, డీఎస్ఎం-5లను ఎలా చదవాలి?

మానసిక జబ్బులకు పేరు పెట్టడానికి డాక్టర్లు వాడే వర్గీకరణలు ముఖ్యంగా రెండు: ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి డీఎస్ఎం. వాటి గురించి, విశాఖపట్నంలో ఎండీ సైకియాట్రీలో కొత్తగా చేరిన ఒక డాక్టర్ గారు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "వార్డులో కేసు చెప్పడం మొదలుపెట్టగానే డయాగ్నసిస్ ఏమిటని అడుగుతున్నారు. సీనియర్లు ఫోన్‌లో డీఎస్ఎం-5 తెరిచి క్రైటీరియాకు (డయాగ్నసిస్‌కు ఉండాల్సిన లక్షణాల జాబితాకు) టిక్కులు పెట్టుకోమంటున్నారు. కేస్‌షీటులో మాత్రం ఐసీడీ కోడ్ రాయాలి. ఒక మాస్టారేమో అవన్నీ పక్కన పెట్టి ముందు సైకోపాథాలజీ చదవమన్నారు. దేనితో మొదలుపెట్టాలి? అసలు ఈ వర్గీకరణలు మంచి సైకియాట్రిస్టును తయారుచేస్తాయా?"

సైకోపాథాలజీ, అంటే రోగి అనుభవాలను పరిశీలించి వాటికి సరైన పేరు పెట్టే విద్య, ఈ వర్గీకరణలు, రెండూ నేర్చుకోవాలి, అయితే వరుస తప్పకూడదు. ముందు రోగి మాట, తరువాత ఆ మాట వెనక ఉన్న అనుభవానికి సైకోపాథాలజీలో ఉన్న పేరు, ఆ తరువాతే ఐసీడీ. మొదటి మూడు నాలుగు నెలలు జబ్బు పేరు ఎత్తకుండా కేసు చెప్పడం సాధన చేయండి. ఆపైన ఐసీడీ-11ను ప్రధాన గ్రంథంగా పెట్టుకుని, చూసిన ప్రతి కేసుకూ సంబంధించిన భాగాన్ని పూర్తిగా చదవండి. డీఎస్ఎం-5కు సవరించిన ముద్రణ అయిన డీఎస్ఎం-5-టీఆర్‌ను తేడాలు తెలుసుకోవడానికి దగ్గర ఉంచుకోండి. ఇక మీ చివరి ప్రశ్నకు వస్తే, వర్గీకరణ ఒక్కటే ఎవరినీ సైకియాట్రిస్టుగా తయారుచేయదు. అయితే దాన్ని తేలిగ్గా తీసిపారేసినవారు మంచి సైకియాట్రిస్టులు కావడం కూడా నేను చూడలేదు. మీ సీనియర్ల మాటలోనూ, మీ మాస్టారి మాటలోనూ నిజం ఉంది. ఈ ఊళ్ళోనే చాలా ఏళ్ళుగా పీజీ విద్యార్థులకు పాఠం చెబుతున్నవాణ్ణి కనుక, ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా, ఈ క్రైటీరియా ఎందుకు పుట్టాయో తెలుసుకుంటే వాటిని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. 1960లలో న్యూయార్క్ మానసిక ఆసుపత్రుల్లో స్కిజోఫ్రీనియా డయాగ్నసిస్ లండన్‌లో కంటే చాలా ఎక్కువగానూ, మూడ్ డిజార్డర్ల డయాగ్నసిస్ చాలా తక్కువగానూ ఉండేది. తేడా నిజంగా రోగుల్లో ఉందా, లేక డాక్టర్లలో ఉందా అని తేల్చడానికి రెండు దేశాల పరిశోధకులు కలిసి, ఒకే తీరు ఇంటర్వ్యూతో రెండు చోట్లా రోగులను పరీక్షించారు. 1972లో వెలువడిన ఆ ఫలితాలు చెప్పినదేమిటంటే, ఆ తేడాలో అధిక భాగం డాక్టర్ల అలవాట్లదే. లక్షణాలు ఒకటే అయినా అమెరికా డాక్టరు ఒక పేరు పెడుతున్నారు, బ్రిటన్ డాక్టరు మరొక పేరు పెడుతున్నారు. అదే ఏడాది సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు కొన్ని జబ్బులకు స్పష్టమైన క్రైటీరియా ప్రచురించారు. అమెరికన్ సైకియాట్రిస్టు రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో 1980లో వచ్చిన డీఎస్ఎం-III ఆ పద్ధతిని మొత్తం సైకియాట్రీకి విస్తరించింది. అంటే, డాక్టర్లందరూ ఒక పేరును ఒకే అర్థంలో వాడేలా చూడటమే ఈ వర్గీకరణల మొదటి పని. ఆ పని చిన్నదేమీ కాదు. శ్రీకాకుళంలో ఒక డాక్టరు రాసిన చీటీ పట్టుకుని రోగి విశాఖలోని చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వచ్చినప్పుడు, ఆ చీటీలోని పేరుకు ఇక్కడా అదే అర్థం ఉండకపోతే వైద్యం మొదటి నుంచీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

అయితే క్రైటీరియా కాగితం మీద ఉన్నంత మాత్రాన డాక్టర్ల మధ్య ఏకాభిప్రాయం వచ్చేయదు. డీఎస్ఎం-5 క్షేత్రస్థాయి పరీక్షల ఫలితాలు 2013లో వచ్చాయి. వాటిలో ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా చూసి ఇచ్చిన డయాగ్నసిస్ ఎంతవరకు కలిసిందో కప్పా అనే కొలతతో లెక్కించారు. సున్నా అంటే కాకతాళీయంగా కలిసినంత మాత్రమే కలిసినట్టు, ఒకటి అంటే పూర్తిగా కలిసినట్టు. పీటీఎస్‌డీకి (ఘోరమైన సంఘటన తరువాత మిగిలే మానసిక జబ్బుకు) 0.67, స్కిజోఫ్రీనియాకు 0.46 వచ్చాయి. మనం ఓపీలో రోజూ రాసే మేజర్ డిప్రెసివ్ డిజార్డర్‌కు, అంటే డిప్రెషన్‌కు, వచ్చినది 0.28 మాత్రమే. చూసినవారు అనుభవం లేనివారు కాదు, వారి చేతుల్లో పుస్తకం లేకపోనూ లేదు. ఒకే పుస్తకం ఉన్నా, రోగిని ఏమి అడిగారు, ఎలా అడిగారు, విన్నదాన్ని ఎలా అర్థం చేసుకున్నారు అన్నచోట దారులు వేరవుతాయి. నా దృష్టిలో మీ మాస్టారి మాటకు ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఈ విషయాన్ని ఒక కేసులో దగ్గరగా చూపిస్తాను. మనిషిని గుర్తుపట్టగల వివరాలన్నీ మార్చాను.

సముద్రం ఒడ్డున మత్స్యకారుల పేట నుంచి నలభై ఏళ్ళ వయసున్న ఒకామెను ఆడపడుచు తీసుకొచ్చింది. భర్త వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. నాలుగు నెలలైంది. మొదటి ఏడాది పీజీ విద్యార్థి ఆమెను చూసి కేస్‌షీటులో ఇలా రాశారు: "శ్రవణ భ్రాంతులు: ఉన్నాయి. నలుగురిలో కలవకపోవడం: ఉంది. వ్యవధి: 4 నెలలు." కింద స్కిజోఫ్రీనియా అని రాసి ప్రశ్నార్థకం పెట్టారు. లెక్క చూస్తే తప్పు పట్టడానికి లేదు. ఐసీడీ-11 ప్రకారం స్కిజోఫ్రీనియాకు ఏడు లక్షణాల్లో కనీసం రెండు ఒక నెలకు పైగా ఉండాలి, అందులో ఒకటైనా డెల్యూజన్లు (ఎవరు చెప్పినా మారని తప్పుడు నమ్మకాలు), భ్రాంతులు, ఆలోచనా క్రమం చెదరడం, తన మనసు పరాధీనంలో ఉందన్న అనుభవం అనే నాలుగింటిలోనిదై ఉండాలి. ఇక్కడ భ్రాంతి ఒకటి, కలవకపోవడాన్ని నెగటివ్ లక్షణంగా (ఉండాల్సిన స్పందన, చొరవ తగ్గిపోవడంగా) లెక్కేస్తే రెండు. టిక్కులు సరిపోయాయి.

ఆ విద్యార్థిని పక్కనే కూర్చోబెట్టుకుని ఆమెతో మళ్ళీ మాట్లాడాను.

"ఆయన గొంతు వినిపిస్తోందన్నారు కదమ్మా, ఏ వేళప్పుడు వినిపిస్తుంది?"

"సందేళకి బాబూ. పడవలు ఒడ్డుకొచ్చే ఏళకి. గుమ్మం కాడ నిలబడి పిలిచినట్టుంటాది."

"పేరు పెట్టి పిలుస్తాడా, ఇంకేమైనా అంటాడా?"

"పేరే. ఏట నుంచి ఇంటికొచ్చినప్పుడు అలాగే పిలిచీవోడు."

"అప్పుడు మీరేం చేస్తారు?"

"మొదట్లో తలుపు తీసి చూసీదాన్ని. ఇప్పుడు తియ్యను. ఆయన లేడని నాకు తెలీదా బాబూ?"

"తన దగ్గరికి వచ్చెయ్యమని పిలిచినట్టు ఎప్పుడైనా అనిపించిందా?"

ఆమె చాలాసేపు తల ఎత్తలేదు. "ఆయన అన్లేదు. నాకే ఒకనాడు ఎళ్ళిపోదామనిపించింది. పిల్లని చూసి ఆగిపోయాను."

ఇప్పుడు ఆ కేస్‌షీటును మళ్ళీ చూడండి. "భ్రాంతులు: ఉన్నాయి" అన్న రెండు మాటల్లో, ఆ గొంతు ఎప్పుడు వస్తుందో, ఎవరిదో, ఏమంటుందో, అది నిజం కాదని ఆమెకు తెలుసో లేదో, ఏ ఒక్కటీ లేదు. చనిపోయిన దగ్గరివారి పిలుపు వినిపించడం, వారు ఇంట్లోనే మసలుతున్నట్టు అనిపించడం దుఃఖంలో ఉన్నవారిలో తరచుగా కనిపించేదే. అది ఒక్కటే సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిన స్థితి) కాదు. అదే గొంతు ఆమె చేసే ప్రతి పనినీ వ్యాఖ్యానిస్తూ ఉన్నా, ఇద్దరు ముగ్గురు ఆమె గురించి తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు ఉన్నా, ఆమె దాన్ని సందేహం లేకుండా నమ్మి దాని ప్రకారం నడుచుకుంటున్నా మన ఆలోచన వేరుగా ఉండేది. లక్షణం ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. దాని రూపం ఏమిటన్నది తక్కిన సగం. జర్మన్ సైకియాట్రిస్టు కార్ల్ యాస్పర్స్ 1913లోనే అనుభవంలోని విషయం వేరు, దాని రూపం వేరు అని విడదీసి చూపినది ఇందుకే. ఆత్మహత్య ఆలోచన సంగతి సరే సరి. ఆ కేస్‌షీటులో "లేవు" అని రాసి ఉంది. నేరుగా అడిగినప్పుడు లేవన్న మనిషే, భర్త పిలుపు దారిన అడిగితే ఉన్నమాట చెప్పింది.

అయితే ఈ కేసు ఇక్కడితో ఆగితే మీ మాస్టారే పూర్తిగా నెగ్గినట్టు అవుతుంది. ఆ తరువాత మాకు దారి చూపినది ఐసీడీ పుస్తకమే. ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ (ఎంతకాలమైనా తగ్గని దుఃఖం) అనడానికి ఐసీడీ-11 ప్రకారం కనీసం ఆరు నెలలు గడవాలి, డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారం పెద్దవారిలో పన్నెండు నెలలు గడవాలి. కాబట్టి నాలుగు నెలల దగ్గర ఆ పేరు ఏ పుస్తకం ప్రకారమూ చెల్లదు. కానీ డిప్రెసివ్ ఎపిసోడ్ గురించి ఐసీడీ-11 వివరణలో మామూలు దుఃఖానికీ దీనికీ మధ్య గీత ఎక్కడ అన్న భాగం ఒకటి ఉంది. ఆత్మీయులు పోయి నెల దాటాక కూడా ఏ పూటా మనసు తేలికపడకుండా లక్షణాలు ఎడతెగకుండా ఉండటం, పోయిన మనిషితో సంబంధం లేని విషయాల్లో కూడా తాను ఎందుకూ పనికిరానని, తప్పు చేశానని నమ్మడం, ఆత్మహత్య ఆలోచనలు, కదలికలు మందగించడం వంటివి ఉంటే అది దుఃఖం మాత్రమే కాదు, డిప్రెషన్ కూడా తోడై ఉండవచ్చని అక్కడ రాసి ఉంది. ఆ భాగాన్ని ముందు పెట్టుకుని, ఏమేమి అడగాలో రాసుకుని, విద్యార్థి మరుసటి వారం ఆమెతో మళ్ళీ కూర్చున్నారు. డిప్రెసివ్ ఎపిసోడ్ ఉందని తేలింది. దానికి మందు ఇచ్చాం, ఆడపడుచు కొన్నాళ్ళు రాత్రిపూట ఆమెతోనే పడుకునేలా ఏర్పాటు చేశాం, వారం వారం రమ్మన్నాం. సైకోసిస్‌కు ఇచ్చే యాంటీసైకోటిక్ మందు అవసరం పడలేదు. వినడం తెలియకపోతే పుస్తకం తప్పుదారి పట్టించేది. పుస్తకం తెరవకపోతే "పాపం, మొగుడు పోయిన బాధ" అని జాలిపడి పంపేసేవాళ్ళం.

క్రైటీరియా జబ్బుకు గుర్తులు, క్రైటీరియాయే జబ్బు కాదు. ఈ మాట అమెరికన్ సైకియాట్రిస్టు కెనెత్ కెండ్లర్ చాలా స్పష్టంగా వాదించారు. డిప్రెషన్ గురించి పాత కాలపు డాక్టర్లు వర్ణించిన లక్షణాల్లో చాలావాటికి డీఎస్ఎంలో చోటు లేదు. ఆందోళన వాటిలో ఒకటి. మిగతా జబ్బుల నుంచి విడదీయడానికి పనికివచ్చేవాటిని ఏరి పెట్టారు తప్ప, డీఎస్ఎంలో ఉన్న తొమ్మిది లక్షణాలతో డిప్రెషన్ పూర్తయిపోయిందని కాదు. ఆ తొమ్మిదింటితోనే ఒక చిన్న లెక్క వేసి చూడండి. కనీసం ఐదు ఉండాలి, వాటిలో దిగులు గానీ ఆసక్తి తగ్గడం గానీ ఒకటైనా ఉండాలి. తొమ్మిదింటి నుంచి ఐదు లేదా అంతకంటే ఎక్కువ ఎంచుకునే విధాలు 256. ఆ ముఖ్య లక్షణాలు రెండూ లేనివి 29. తీసేస్తే 227 రకాలుగా ఒకే పేరు పెట్టవచ్చు. గాజువాక నుంచి వచ్చే కార్మికుడు ఒళ్ళు నొప్పులు, గుండెదడ, నీరసం అంటూ గుండె డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి చివరికి మన దగ్గరికి వస్తారు; పరీక్షలకు చదువుతున్న అమ్మాయి తిండి మానేసి, నిద్రపట్టక, తనను తాను నిందించుకుంటూ వస్తుంది. ఇద్దరి కేస్‌షీటులోనూ ఒకే కోడ్ ఉంటుంది. ఆ కోడ్ చూసి మీకు ఆ ఇద్దరి గురించి తెలిసేది చాలా కొద్ది. అందుకే డయాగ్నసిస్ కింద ఒక పేరా ఫార్ములేషన్ రాయని కేస్‌షీటును నేను పూర్తయినట్టు లెక్కపెట్టను. ఈ మనిషికి, ఈ సమయంలో, ఈ జబ్బు ఎందుకు వచ్చింది, ఎందుకు తగ్గకుండా ఉంది, ఏది ఆసరాగా ఉంది అన్నవి అందులో ఉండాలి.

కాలవ్యవధి విషయం కొత్త విద్యార్థులకు చాలా తికమకగా ఉంటుంది, అందువల్ల కొంచెం ఆగి చెబుతాను. ఇంజినీరింగ్ చదివే ఇరవై ఏళ్ళ కుర్రాడు, కొన్ని నెలలుగా గంజాయి తాగుతున్నాడు, పది రోజుల్లో మనిషి పూర్తిగా మారిపోయాడు. హాస్టల్లో తన మీద కుట్ర జరుగుతోందంటాడు, పూట పూటకూ నమ్మకాలు మారుతుంటాయి, ఒకసారి ఉల్లాసం, అంతలోనే భయం. మీరు చూసేసరికి ఐదు వారాలైంది. ఐసీడీ-11 ప్రకారం, రెండు వారాల్లోపే మొదలై, లక్షణాలు వేగంగా మారుతూ, నెగటివ్ లక్షణాలు లేకుండా, మూడు నెలలు మించకపోతే అది అక్యూట్ అండ్ ట్రాన్సియెంట్ సైకోటిక్ డిజార్డర్. మారకుండా నిలకడగా ఉన్న స్కిజోఫ్రీనియా లక్షణాలు నెల దాటితే స్కిజోఫ్రీనియా అనవచ్చు. డీఎస్ఎంలోనైతే నెలలోపు తగ్గితే బ్రీఫ్ సైకోటిక్ డిజార్డర్, నెల నుంచి ఆరు నెలల దాకా స్కిజోఫ్రీనిఫార్మ్, ఆరు నెలలు దాటితేనే స్కిజోఫ్రీనియా. గంజాయి వల్ల వచ్చిన సైకోసిస్ కూడా లెక్కలో ఉండాలి కాబట్టి, తాగడం ఆపాక ఏమవుతుందో చూడాలి. ఐదో వారంలో ఆ కుర్రాడికి మీరు పెట్టే పేరు ఏదైనా తాత్కాలికమే. కేస్‌షీటులో ఆ మాట స్పష్టంగా రాయండి, మళ్ళీ ఎప్పుడు సమీక్షిస్తారో తేదీ వేయండి. వాళ్ళ నాన్నగారు "ఏం జబ్బు సార్?" అని అడిగినప్పుడు, ఇప్పటికి తెలిసినది ఇది, రెండు నెలల్లో ఇంకా తెలుస్తుంది అని చెప్పడానికి మొహమాటపడకండి. ఆ వయసులో స్కిజోఫ్రీనియా అన్న మాట చదువునూ, ఉద్యోగాన్నీ, పెళ్ళినీ అన్నింటినీ తాకుతుంది.

ఈ అక్యూట్ సైకోసిస్ వర్గం వెనక మన దేశపు అనుభవం ఉందన్న సంగతి విద్యార్థులకు తెలియాలని నాకు గట్టి కోరిక. ఉన్నట్టుండి మొదలై, కొన్ని వారాల్లో పూర్తిగా తగ్గిపోయే సైకోసిస్‌లు పాశ్చాత్య దేశాల కంటే మన వంటి దేశాల్లో ఎక్కువగా కనిపిస్తాయని ప్రొఫెసర్ ఎన్. ఎన్. విగ్ వంటి భారతీయ సైకియాట్రిస్టులు వాదించారు. ఐసీడీ-11కు ముందున్న ఐసీడీ-10లో దానికి ఎఫ్23 అన్న కోడ్‌తో విడిగా చోటు దక్కడంలో ఆ వాదన పాత్ర ఉంది. కనుక వర్గీకరణ ఎక్కడో జెనీవాలోనో వాషింగ్టన్‌లోనో తయారై మన మీద పడినది మాత్రమే అనుకోవద్దు. మనం జాగ్రత్తగా చూసి, జాగ్రత్తగా రాసిన కేసులు దాన్ని మార్చగలవు. ఐసీడీ-11 తయారీలో డయాగ్నసిస్ ఎంతవరకు కలుస్తుందో చూసిన పెద్ద క్షేత్ర అధ్యయనం జరిగిన 13 దేశాల్లో భారతదేశమూ ఉంది.

ఐసీడీయా, డీఎస్ఎంయా అన్న ప్రశ్నకు మన దేశంలో చట్టం కూడా ఒక సమాధానం ఇచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. జాతీయంగా గానీ అంతర్జాతీయంగా గానీ ఆమోదం పొందిన వైద్య ప్రమాణాల ప్రకారమే మానసిక వ్యాధిని నిర్ణయించాలని దాని మూడో సెక్షన్ చెబుతుంది. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ తాజా ముద్రణను అందులో పేరు పెట్టి ప్రస్తావించింది. అదే సెక్షన్‌లోని మిగతా నిబంధనలను ప్రతి పీజీ విద్యార్థీ మొదటి నెలలోనే చదవాలి. రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థితిని బట్టి గానీ, జాతి, మత, సాంస్కృతిక సమూహాలను బట్టి గానీ ఎవరికీ మానసిక వ్యాధి ఉందని నిర్ణయించకూడదు. తమ సమాజంలోని నీతికీ నమ్మకాలకూ భిన్నంగా నడుచుకున్నారన్నది అందుకు కారణం కాకూడదు. గతంలో చికిత్స తీసుకున్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడు జబ్బు ఉందనకూడదు. మానసిక వ్యాధి ఉందన్నంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, మతిస్థిమితం లేని మనిషి అని అర్థం చేసుకోకూడదు. విడాకుల కేసు కోసం "మా కోడలికి పిచ్చి అని రాసివ్వండి" అంటూ వచ్చే కుటుంబాలను మీరు తప్పకుండా చూస్తారు. చికిత్సకు గానీ, చట్టం చెప్పిన మరో అవసరానికి గానీ తప్ప ఎవరికీ ఈ ముద్ర వేయకూడదని అదే సెక్షన్ స్పష్టంగా అంటుందని మీకు తెలిసి ఉంటే, అప్పుడు ఏం చెప్పాలో వెతుక్కోనక్కరలేదు.

ఐసీడీ-11ను ప్రధానంగా పెట్టుకోమనడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. 2019 మేలో ప్రపంచ ఆరోగ్య సభ దాన్ని ఆమోదించింది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మానసిక జబ్బుల క్లినికల్ వివరణల సంపుటం 2024లో వెలువడింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. అందులో ప్రతి జబ్బుకూ ముఖ్య లక్షణాలతో పాటు, మామూలు స్థితితో దాని సరిహద్దు, ఇతర జబ్బులతో సరిహద్దు, వయసును బట్టి మారే తీరు, సంస్కృతికి సంబంధించిన అంశాలు విడివిడిగా ఉంటాయి. విద్యార్థులు ముఖ్య లక్షణాల దగ్గర ఆగిపోతారు. అసలు చదువు సరిహద్దుల భాగంలో ఉంది. పైగా ఎన్ని లక్షణాలు, ఎన్ని రోజులు అన్న గట్టి లెక్కలను తప్పనిసరి అయినచోట తప్ప పెట్టకుండా, డాక్టరు విచక్షణకు కొంత చోటు వదిలారు. ఆ విచక్షణ అప్పటికే అలవడి ఉండాలన్నదే మళ్ళీ నా మొదటి మాట.

మన ప్రాంతంలో సంస్కృతి భాగం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. పండుగలో అమ్మవారు పూని, కాసేపటికి మామూలుగా ఇంటికి వెళ్ళి వంట చేసుకునే మనిషికి జబ్బు పేరు పెట్టకూడదు. ఐసీడీ-11 ప్రకారం పొసెషన్ ట్రాన్స్ డిజార్డర్ అనాలంటే ఆ స్థితి తన ప్రమేయం లేకుండా, తనకు ఇష్టం లేకుండా రావాలి, ఆ సమాజం అంగీకరించిన మతాచారంలో భాగం కాకూడదు, బాధో ఇబ్బందో కలిగించాలి. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న నమ్మకం ఊరంతటికీ ఉన్నచోట అది ఒక్కటే డెల్యూజన్ కాదు. ఊరివాళ్ళే "ఈయన చెప్పేది మాకూ అర్థం కావట్లేదు" అన్నప్పుడు చెవి ఒగ్గి వినండి. పాడేరు, అరకు వైపు నుంచో, ఒడిశా నుంచో వచ్చినవారికి తెలుగు అంతంతమాత్రంగా వస్తే, వెంట వచ్చినవారు చెప్పినది రోగి మాటగా రాయకండి. ఎవరు చెప్పారో పక్కన రాయండి.

పర్సనాలిటీ డిజార్డర్ల (వ్యక్తిత్వంలోనే ఉండే దీర్ఘకాల ఇబ్బందుల) గురించి ఒక్క మాట. ఐసీడీ-11 పాత రకాలన్నీ తీసేసి తేలిక, మధ్యస్థం, తీవ్రం అన్న స్థాయిలనూ, కొన్ని స్వభావ లక్షణాలనూ, బోర్డర్‌లైన్ తీరు (భావాలూ సంబంధాలూ నిలకడగా ఉండకపోవడం) అన్న ఒక అదనపు సూచననూ పెట్టింది. ఇబ్బంది చాలాకాలంగా, ఉదాహరణకు రెండేళ్ళు లేదా అంతకు మించి ఉండాలంటుంది. క్యాజువాలిటీలో అర్ధరాత్రి చెయ్యి కోసుకుని వచ్చిన అమ్మాయికి ఆ రాత్రే "బోర్డర్‌లైన్" అని రాయడం ఏ పుస్తకం ప్రకారమూ కుదరదు. ఆ మాట ఒకసారి కేస్‌షీటులోకి ఎక్కితే, తరువాత చూసినవారు ఆమె చెప్పేది వినడం తగ్గిస్తారు.

ఇక శిక్షణ ఇచ్చేవారు ఏం చేయవచ్చన్నది, మీరు అడగకపోయినా, చెప్పాలి. రేపు మీరూ జూనియర్లకు నేర్పుతారు. నాకు బాగా ఫలితమిచ్చిన పద్ధతి ఇది. ఇద్దరు పీజీలు ఒకే రోగిని విడివిడిగా చూస్తారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా డయాగ్నసిస్ రాస్తారు, తరువాత అందరి ముందూ పోల్చుకుంటారు. కలవనప్పుడే పాఠం మొదలవుతుంది. రోగి ఇద్దరికీ వేర్వేరు సంగతులు చెప్పారా? ఒకే సంగతిని ఇద్దరూ వేరుగా అర్థం చేసుకున్నారా? సంగతీ అర్థమూ ఒకటే అయి, పుస్తకంలోని నియమాన్ని వేరుగా అన్వయించారా? మొదటిదైతే ఇంటర్వ్యూ నేర్చుకోవాలి, రెండోదైతే సైకోపాథాలజీ, మూడోదైతేనే ఐసీడీ. నేను చూసినంతలో మూడోది చాలా అరుదు. కేవలం క్రైటీరియా బట్టీ పట్టించే విభాగాలు ఆ అరుదైన లోపాన్ని సరిదిద్దుతూ, ఎక్కువగా జరిగే రెండింటినీ వదిలేస్తున్నాయి. డీఎస్ఎం వచ్చాక అమెరికాలో ఫినామినాలజీ (రోగి అనుభవాన్ని ఉన్నదున్నట్టు పరిశీలించడం) చదువు చచ్చిపోయిందని 2007లో బాధపడుతూ రాసిన అమెరికన్ సైకియాట్రిస్టు నాన్సీ యాండ్రియాసన్ స్వయంగా డీఎస్ఎం-III తయారీలో పాల్గొన్నవారు. ఆమె హెచ్చరికను మనం మన విభాగాల్లో తీవ్రంగా తీసుకోవాలి.

పరీక్షల సంగతి కూడా మీ మనసులో ఉంటుంది. పరీక్షకుడిగా కూర్చున్నప్పుడు నేను కోడ్ అడగను. ఈ డయాగ్నసిస్‌కు అనుకూలంగా ఏమున్నాయి, వ్యతిరేకంగా ఏమున్నాయి, ఏ వర్గీకరణ ప్రకారం చెబుతున్నారు, రెండో వర్గీకరణ ప్రకారం పేరు మారుతుందా అని అడుగుతాను. ఐసీడీ-10తో చదువుకున్న పరీక్షకులు చాలామంది ఉన్నారు కాబట్టి, స్కిజోఫ్రీనియా ఉపరకాలు తీసేశారని, ఫస్ట్ ర్యాంక్ లక్షణాలకు (ఒకప్పుడు స్కిజోఫ్రీనియాకు ప్రత్యేక గుర్తులుగా ఎంచినవాటికి) ఇదివరకటి ప్రాధాన్యం తగ్గిందని, కాంప్లెక్స్ పీటీఎస్‌డీ కొత్తగా వచ్చిందని తెలిసి ఉండటం మంచిది.

మొదలుపెట్టడానికి ఈ వారమే ఒక పని చేయండి. వార్డులో ఉన్న ఒక్క రోగిని ఎంచుకుని ఆయనతోనో ఆమెతోనో రోజూ కాసేపు కూర్చోండి. పేజీకి మూడు నిలువు గడులు గీసి, మొదటిదాంట్లో రోగి అన్న మాట అన్నట్టే, ఆ యాసలోనే రాయండి. రెండోదాంట్లో దానికి మీరు పెట్టే సైకోపాథాలజీ పేరు, మూడోదాంట్లో ఆ పేరే ఎందుకు, పక్కనున్న మరో పేరు ఎందుకు కాదు అన్నది రాయండి. వారం చివర ఐసీడీ-11లో ఆ జబ్బు సరిహద్దుల భాగం చదివి, మీరు అడగని ప్రశ్నలేమిటో కింద రాసుకోండి. ఆ కాగితాలను మీ మాస్టారికీ, మీ సీనియర్‌కూ ఇద్దరికీ చూపించండి.